కొబ్బరి దుంగ గుర్రం

నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అన్నిటికన్నా గొప్ప పరుగు అమలాపురంలో ఒక కళ్యాణ మండపం వంటశాల గుమ్మం దగ్గర మొదలైంది. గుమ్మానికి అవతల గాడిపొయ్యి మీద ఆటగాళ్ళందరికీ ఉప్మా ఉడుకుతోంది. ఇవతల పదమూడేళ్ళ పిల్ల వట్టి కాళ్ళతో నిలబడి అరచేతులకి సుద్దపొడి రాసుకుంటోంది. హాలుకి ఆ చివర, పెళ్ళి వేదిక ముందు, తోలు తొడిగిన గుర్రం. మధ్యలో పాతిక గజాల ఎర్ర తివాచీ. అది తలచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళు కుర్చీలో నిలవవు.

నేను ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు పీఈటీ మేడం అనేవారు, ఊళ్ళో పెద్దవాళ్ళు డ్రిల్లు టీచరమ్మ అనేవారు. ఈ మధ్య కొత్తగా ఇదే ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు కొందరు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాసిపెట్టండి మేడం, మాకు పనికొస్తాయి" అన్నారు. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో దిగిపోయాను, అలమారలో ఎన్ని సర్టిఫికెట్లున్నాయి అన్నవి మీకెందుకూ పనికిరావు. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించీ, అందులోంచి నన్ను బయటపడేసిన ఒక పిల్ల గురించీ చెబుతాను. నాకు చేతనైన కృతజ్ఞత అదే.

ఇంటి చదువు

నేను బడికి వెళ్ళి చదువుకున్న మనిషిని కాను. చిన్నప్పుడు ఆయాసం ఉండేది. నాలుగడుగులు పరిగెడితే పిల్లికూతలు. అందుకని నాన్నగారు ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు, ఊపిరి బాగుపడటానికి ఆసనాలు వేయించారు. పదేళ్ళు వచ్చేసరికి వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి చేతుల మీద నడిచేదాన్ని.

"ఆడపిల్ల తలకిందులుగా నడవడమేంటండీ?" అని అమ్మ గోల పెట్టేది.

"చెప్పులు అరగవు కదే, మంచిదేగా" అనేవారు నాన్నగారు.

పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. తర్వాత వ్యాయామ శిక్షణ పూర్తి చేశాను. మొదటిసారి ఒక బడిలో అడుగుపెట్టింది టీచరుగానే. దానివల్ల ఒక మేలు జరిగింది. వరసల్లో నిలబడి చేతులు చాచడం నాకే అలవాటు లేదు కాబట్టి, వరస వంకరపోయిందని ఏ పిల్లనీ నేను కొట్టలేదు. ఒక కీడు కూడా జరిగింది. ఇంట్లో నేర్చుకున్నవాళ్ళకి తమకి తెలిసింది చాలనిపిస్తుంది. పక్కవాళ్ళు ఎలా చేస్తున్నారో తొంగిచూసే అలవాటు ఉండదు. ఆ కీడు నాతోపాటు పెద్దదై, నా ఉద్యోగంలో పదకొండో ఏట బయటపడింది.

తుఫాను పడగొట్టిన చెట్టు

మా బడి మామిడికుదురు పక్కన, గోదారి పాయ వైనతేయ ఒడ్డున ఉండేది. తొంభై ఆరు తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా పడుకున్నాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నెలల తరబడి ఎటు చూసినా దుంగలే. బడి వెనక రేకుల షెడ్డులో అప్పటికి నేను పిల్లలకి పిల్లిమొగ్గలు, చేతుల మీద నడకలు నేర్పుతున్నాను. జిమ్నాస్టిక్స్ అనడానికి మా దగ్గర గోనెసంచుల్లో కొబ్బరిపీచు కూరి కుట్టిన పరుపులు తప్ప మరేమీ లేవు. ఆడపిల్లల పోటీలో పరుగెత్తుకొచ్చి దూకే గుర్రం ఒకటి ఉండాలి. నాలుగు కాళ్ళ మీద పొడుగాటి దిండులా ఉంటుంది. చేతులు దాని మీద ఆనించి, తలకిందులై, అవతల కాళ్ళ మీద నిలబడాలి.

ఊళ్ళో వడ్రంగి వీరాచారి గారి దగ్గరికి వెళ్ళాను.

"గుర్రమాండీ? తలకాయా, తోకా ఉండాలాండీ?" అన్నారాయన.

"అక్కర్లేదండీ."

"మరి గుర్రమెలాగవుద్దండీ?"

"దాని మీద ఎక్కరండీ. మీంచి దూకుతారు."

ఆయన బొటనవేలితో ఉలి పదును చూసుకుంటూ ఆలోచించి, "ఆయ్. దూకడానికైతే తలకాయ లేకపోవడమే మంచిదండి. పిల్లలకి తగలదు" అన్నారు.

పడిపోయిన కొబ్బరి దుంగని నున్నగా చెక్కి, టేకు కాళ్ళు అమర్చి, చుట్టూ పీచు పరిచి, పాత బస్సు సీట్ల రెక్సిన్ తొడిగారు. గుర్రం ముందు కాళ్ళు వేసి ఎగరడానికి ఒక బల్ల కావాలి కదా, అదీ చేశారు. రెండు పలకల మధ్య పీచు దట్టించిన బల్ల. కూలి ఇస్తానంటే, "తుఫాను పడగొట్టినదాన్ని మనం లేపి నిలబెట్టేమండి. దానికి కూలేంటండీ?" అన్నారు. ఇలాంటి మనుషుల మధ్య పనిచేసే అదృష్టం నాకు దక్కింది. మీకూ దక్కుతుంది, కాకపోతే వెళ్ళి అడగాలి. ఆఫీసుకి అర్జీ పెట్టి కూర్చుంటే వీరాచారి గారు దొరకరు.

ఆ బల్ల గురించి కాస్త చెప్పాలి, తప్పంతా అక్కడే ఉంది. పీచు బల్ల మనకి ఏమీ ఇవ్వదు. మనం కొట్టినంతే లేస్తాం. కాబట్టి, "పగిలిపోయేలా కొట్టు!" అని అరిచేదాన్ని. మోకాళ్ళు బాగా వంచి, బరువంతా బల్లలోకి దింపి, అప్పుడు లేవమనేదాన్ని. మా పిల్లలు అలాగే లేచేవారు. చూడ్డానికి వచ్చిన పై అధికారి, "కొబ్బరి దుంగతో గుర్రమా!" అని పొంగిపోయారు. ఒక పత్రికలో ఫోటో కూడా వచ్చింది. నేనూ పొంగిపోయాను. అసలు బల్ల ఎలా ఉంటుందో వెళ్ళి చూద్దామన్న ఆలోచన అప్పుడే పోయింది.

ఏడుకొండలు పెట్టిన షరతు

మా ఇల్లు ఏటికి ఇవతల, అమలాపురం వైపు. బడి అవతల. వంతెన ఇంకా లేదు. రోజూ పొద్దున్నా సాయంత్రం ఏడుకొండలు పడవలో దాటేదాన్ని. నాకు నీళ్ళంటే చచ్చేంత భయం. పడవెక్కగానే నడిమధ్య కూర్చుని, చెక్కని రెండు చేతులా పట్టుకుని, గట్టిగా కళ్ళు మూసుకుని గోవింద నామాలు చెప్పుకునేదాన్ని. పడవ అవతలి ఒడ్డుకి తగిలిన చప్పుడు వింటే గానీ కళ్ళు తెరిచేదాన్ని కాదు. 

"మేడంగారు కళ్ళు తెరిస్తే గోదారి ఎండిపోద్దండి. అందుకే తెరవరు" అని ఏడుకొండలు అందరి ముందూ ఆటపట్టించేవాడు. పడవ ఒడ్డుకి చేరగానే అతని కూతురు సత్యవేణి ముందుకి దూకి తాడు గుంజకి కట్టేది. ఆ చప్పుడు కూడా విన్నదాన్నే, చూసినదాన్ని కాదు.

సత్యవేణి ఎనిమిదో తరగతిలో మా షెడ్డుకి వచ్చింది. చేపలా జారిపోయే పిల్ల. మిగతావాళ్ళకి ఆరు నెలలు పట్టిన దూకుడు దానికి మూడు వారాల్లో పట్టుబడింది. మా చుట్టుపక్కల జిల్లాల బడి పిల్లలకి అమలాపురంలో ఆటల పోటీలు పెడుతున్నారని, అందులో ఆడపిల్లల జిమ్నాస్టిక్స్ కూడా ఉందని కబురొచ్చినప్పుడు మొదట రాసిన పేరు దానిదే.

ఏడుకొండలుని రేవులోనే అనుమతి అడిగాను. అతను పడవ తోసే గెడ పక్కన పెట్టి నిలబడ్డాడు.

"ఆటలంటే ఏదో కబడ్డీ అనుకున్నానండి. ఇది తలకిందులుగా ఎగరడమంటండి కదా. మెడ ఇరిగితే ఏటిలో చేపలు పట్టుకోడానికి కూడా పనికిరాదండి పిల్ల."

"నేనున్నాను కదా ఏడుకొండలు."

"మీరున్నారనే పంపుతున్నానండి. ఒక్కటే మాట. ఎలా తీసుకెళ్తున్నారో అలాగే నా చేతిలో పెట్టాలండి. కప్పులూ గిప్పులూ నాకొద్దండి."

సరేనన్నాను. ఇలాంటి మాట ఇచ్చేటప్పుడు ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో నోట్లోంచి!

శనివారం

పోటీ ఆదివారం పొద్దున్న. శనివారం పది నుంచి ఒంటిగంట దాకా అన్ని జట్లూ అసలు పరికరాల మీద ప్రాక్టీసు చేసుకోవచ్చని కాగితం వచ్చింది. పరికరాలు పట్నం నుంచి లారీలో తెప్పిస్తున్నారు.

శనివారం అంటే స్వామివారి రోజు. ఎన్నాళ్ళ నుంచో నాకొక నియమం, పెద్ద పని ఏదైనా మా బడి వైపునున్న అప్పనపల్లి బాల బాలాజీ దర్శనం చేసుకుని మొదలుపెట్టడం. పిల్లలతో దర్శనం చేయించి బయల్దేరతానని హెడ్మాస్టరు సోమయాజులు గారితో చెప్పాను. ఆయన రోజూ సంధ్య వార్చే మనిషి. అయినా వెంటనే తలూపలేదు.

"మేడం, ఆ ప్రాక్టీసు ఒక్కటీ వదలకండి. స్వామి ఎక్కడికీ పోడు. లారీలో వచ్చిన సామాను మళ్ళీ లారీ ఎక్కి పోతుంది."

"మన గుర్రం మీద ఏడాది పైగా చేశారండీ పిల్లలు. కొత్తగా చూసేదేముందండీ?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "మీ ఇష్టం" అన్నారు.

శనివారం అప్పనపల్లిలో జనం వరసలు వరసలుగా ఉన్నారు. దర్శనం అయ్యేసరికి పదకొండున్నర దాటింది. పిల్లలు భోజనశాలలో ప్రసాదం తిన్నారు, ఏరు దాటాం, బస్సు పట్టుకున్నాం. అమలాపురం చేరేసరికి మూడు. మండపానికి తాళం. లోపల లైట్లు ఆర్పేశారు. కిటికీ అద్దంలోంచి చూస్తే గుర్రం ఒకటి లీలగా కనిపించింది. "మనదానిలాగే ఉందండి మేడం" అంది ఒక పిల్ల. "మరి?" అన్నాను గర్వంగా.

స్వామి మీద ఒక్క మాట కూడా పడనివ్వను. ఆయన నన్ను రమ్మని పిలవలేదు, నేనే వెళ్ళాను. పిల్లల కోసం కేటాయించిన మూడు గంటలు నా మొక్కు కోసం వాడుకున్నాను. భక్తి అనే పేరు పెట్టాను గానీ, తెల్లారగట్ల బయల్దేరి ప్రాక్టీసు చేయించి, సాయంత్రం ఎక్కడున్నా దణ్ణం పెట్టుకోవచ్చు. నేను నేర్చుకునేందుకు ఇంకేమీ లేదన్న ధీమా లేకపోతే అలాగే చేసి ఉండేదాన్ని.

పెళ్ళి వేదిక ముందు

ఆదివారం ఎనిమిదికి మండపం తెరిచారు. బయట మైదానంలో కబడ్డీ ఈలలు, ఖోఖో కేకలు. లోపల ముందు వారం జరిగిన పెళ్ళి తాలూకు కాగితం పూలదండలు ఇంకా గోడల మీదా, వేదిక ముందు కప్పు నుంచీ వేలాడుతున్నాయి. పరుగుకి చాలినంత పొడుగు లేదని వంటశాల తలుపులు తెరిచేశారు. పరుగు అక్కడ మొదలు, దిగడం వేదిక ముందు. ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి కుర్చీలు నింపేశారు. "ఆడపిల్లలు సర్కస్ చేస్తారంటండి" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నా సంతోషం అంతా ఇంతా కాదు!

పోటీకి ముందు ఒక్కో జట్టుకి పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించుకోవడానికి ఇచ్చారు. మా వంతు వచ్చింది. సత్యవేణిని ముందు పంపాను.

"పగిలిపోయేలా కొట్టు!" అని అరిచాను.

అది పరిగెత్తింది. తివాచీ మీద కాళ్ళు పడ్డ చప్పుడు కూడా లేదు. బల్ల మీదికి ఎగిరి, నేను నేర్పినట్టే మోకాళ్ళు మడిచి, బలమంతా దింపింది. ఆ బల్లలో పీచు లేదు. ఇనుప స్ప్రింగులున్నాయి. పిల్ల ఇంకా కిందికి దిగుతుండగానే బల్ల దాన్ని పైకి విసిరేసింది. చేతులు గుర్రానికి ఆనీ ఆనకుండా, గాల్లో ఒకటిన్నర చుట్టు తిరిగి, పరుపు దాటి, వీపు మీద పడి, తివాచీ మీద జారుకుంటూ వెళ్ళి పెళ్ళి వేదిక మెట్టుకి తగిలి ఆగింది.

అంతలో వెనక కుర్చీల్లోంచి ఒకావిడ, "పెళ్ళికూతురు ముహూర్తానికి వచ్చేసిందర్రా!" అంది. నవ్వులు ఫెళ్ళుమన్నాయి.

నేను ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. పిల్ల కళ్ళు తెరిచే ఉంది, ఊపిరి అందడం లేదు. మెడ, నడుము, మోచేతులు అన్నీ తడిమి చూశాను. ఎముకలు భద్రం. వీపు మాత్రం ఎర్రగా కమిలింది. కాసేపటికి ఊపిరి తీసుకుని లేచి కూర్చుంది. మిగతా పిల్లల మొహాలు పాలిపోయాయి. ఇంకెవరినీ పరిగెత్తించలేదు. మా పది నిమిషాలూ అలాగే అయిపోయాయి.

సత్యవేణి వంటశాల గుమ్మం దగ్గరికి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది.

"నాకొద్దండి మేడం. నేనిక్కడ ఉప్మా దగ్గర కూర్చుంటానండి. మీరు ఎళ్ళండి."

"దెబ్బ నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదండి. అది నన్ను ఇసిరేసిందండి. నేను దూకలేదండి, అదే ఇసిరేసింది."

ఏడుకొండలు మాట చెవిలో గింగురుమంది. ఎలా తీసుకెళ్తున్నారో అలాగే. ఒంటికేమీ కాలేదు, నిజమే. కానీ ఏటి మధ్యలో పడవ అంచు మీద నడుస్తుందని అందరూ చెప్పుకునే పిల్ల ఒక చెక్కబల్లని చూసి వణుకుతోంది. ఇలా తిరిగి ఇచ్చేస్తే మాట నిలబెట్టుకున్నట్టా? పేరు కొట్టించేసి ఇంటికి తీసుకెళ్దామా? మళ్ళీ పరిగెత్తించి నిజంగానే మెడ విరిస్తే? నాకు చేతనైంది ఒక్కటే. గోడ పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నాను.

ఆరు నిమిషాలు

"అమ్మా."

కళ్ళు తెరిస్తే ఎదురుగా నెరిసిన మీసాలాయన. పక్క జిల్లా జట్టు కోచ్, జోసెఫ్ మేష్టారు. అంతకుముందు పరిచయం లేదు.

"మీ పిల్ల ఇప్పటిదాకా చచ్చు బల్ల మీద చేసిందా అమ్మా?"

"అవునండీ. పీచు బల్లండీ. నాదే తప్పండీ. నిన్న ప్రాక్టీసుకి తీసుకురాలేదు."

"మా పిల్లలకి పది నిమిషాలు ఇచ్చేరు. వాళ్ళకి నాలుగు చాలు. మిగతా ఆరూ మీరు తీసుకోండి."

"మీ పిల్లలకి మా పిల్లే పోటీ కదండీ?"

"అందుకేనమ్మా. పోటీ లేకుండా గెలిచి ఇంటికెళ్ళి ఏం చెబుతారు వీళ్ళు?"

ఆ మాటకి నేను ఈ జన్మలో బాకీ తీర్చుకోలేను. మీరు ఈ ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇంకో జట్టు కోచ్‌ని శత్రువుగా చూడకండి. మీ పిల్లని మీ తర్వాత అంత శ్రద్ధగా చూసేది ఆయనే.

సత్యవేణి పక్కన కింద కూర్చున్నాను. "తప్పు నీది కాదు. నేను తప్పు నేర్పాను. ఆ బల్ల వేరు, ఇది వేరు. నాకు దీని గురించి తెలియదు. రా, ఇద్దరం వెళ్ళి చూద్దాం. దూకద్దులే, చూద్దాం అంతే" అన్నాను. టీచరుకి తెలియదనగానే పిల్లలు భయపడతారనుకుంటాం. ఈ పిల్ల మాత్రం ఆశ్చర్యంగా నా మొహంలోకి చూసి లేచి నిలబడింది.

బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని నేను అరచేతులతో నొక్కాను. కిందికి దిగి పైకి లేచింది. సత్యవేణి ఒక కాలు పెట్టి నొక్కింది. తీసింది. మళ్ళీ నొక్కింది. మూడోసారి నొక్కి ఆగిపోయింది. దాని మొహం మారిపోయింది.

"మేడం! ఇది బల్ల కాదండీ. పడవండీ!"

"పడవేంటే?"

"పడవ అంచు మీంచి రేవులోకి దూకేటప్పుడు బరువేసి నిలబడకూడదండి. నిలబడితే అది ఎనక్కి జారిపోద్ది, మనం బురదలో పడతాం. అల లేపినప్పుడు కాలు ఆనీ ఆనకుండా పోవాలండి. బరువేస్తే మా నాన్న గెడతో ఒకటిస్తాడండి. రోజూ తాడు కట్టడానికి అలాగే దూకుతాను కదండీ!"

"నేనెప్పుడూ చూడలేదే."

"మీరు కళ్ళు మూసుకుంటారు కదండీ" అంది, చాలా మామూలుగా.

నాలుగు నిమిషాలు మిగిలాయి. "సరే, పడవే అనుకో. అల మీద దూకు" అన్నాను. మొదట మూడడుగుల దూరం నుంచి ఊరికే పైకి ఎగిరించాను. మోకాళ్ళు వంచలేదు, కాళ్ళు కర్రల్లా పెట్టి తగిలీ తగలకుండా లేచింది. బాబోయ్, ఎంత ఎత్తు! పది అడుగుల నుంచి ఇంకోసారి. సగం దూరం నుంచి గుర్రం మీదికి మరోసారి, జోసెఫ్ మేష్టారూ నేనూ చెరోపక్క చేతులు చాచి నిలబడ్డాం. చక్కగా తిరిగి పరుపు మీద దిగింది. టైమైపోయింది. పూర్తి పరుగు ఒక్కసారి కూడా చెయ్యలేదు.

"వెళ్తావా?" అని అడిగాను. ఆజ్ఞ కాదు, అడిగాను. "వద్దంటే నీకేమీ కాదు. మీ నాన్నకి నేను చెబుతాను."

"మీరు కళ్ళు మూసుకోకపోతే ఎళ్తానండి" అంది.

రెండు పరుగులు

ఒక్కొక్కరికి రెండు దూకుళ్ళు, వాటిలో మంచిది లెక్క. మిగతా ముగ్గురు పిల్లలకీ ఈ తలకిందులయ్యే హ్యాండ్‌స్ప్రింగ్ మానిపించి తేలికైన దూకుడు చేయించాను. బుద్ధిగా చేసి కూర్చున్నారు. చివరి పేరు సత్యవేణిది.

గుమ్మం దగ్గర సుద్దపొడి రాసుకుంది. వంటవాడు గరిటె పట్టుకుని దాని వెనక నిలబడ్డాడు. పచ్చ జెండా లేచింది. చెయ్యెత్తి న్యాయనిర్ణేతలకి నమస్కరించి పరుగందుకుంది. బల్ల మీద కాళ్ళు తగిలిన చప్పుడు, టప్! అంతే. పైకి లేచింది, చేతులు గుర్రం మీద పడ్డాయి, నిటారుగా తిరిగింది, అవతల దిగింది. దిగి, ఆపుకోలేక మూడు అడుగులు ముందుకి వేసింది. అయినా దిగింది! నవ్విన కుర్చీలే ఈసారి చప్పట్లు కొట్టాయి.

రెండోసారికి నడిచి వెనక్కి వస్తుంటే, "పరుపు మెత్తగా ఉందండి, కాళ్ళు కూరుకుపోతున్నాయి" అంది గుసగుసగా.

"మరి బురదలో ఎలా దిగుతావు?"

అది నవ్వింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు. నాకు అప్పుడే తెలిసిపోయింది. పతకం వచ్చినా రాకపోయినా పిల్ల తిరిగొచ్చేసింది.

పచ్చ జెండా. పరుగు. ఈసారి పరుగులో ఏదో పాట ఉన్నట్టుంది. టప్! గుర్రం మీద ఎంత ఎత్తుకి లేచిందంటే, వేలాడుతున్న కాగితం పూలదండ దాని పాదం తగిలి ఊగింది. నా కళ్ళు మూతపడబోయాయి, బలవంతాన తెరిచి ఉంచాను. ఒళ్ళు గాల్లో విల్లులా వంగింది, కాళ్ళు కిందికొచ్చాయి, మడమలు పరుపులోకి దిగాయి, మోకాళ్ళు కొంచెం వంగాయి, ఆగింది. ఒక్క అడుగు లేదు. రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. వంటశాల వైపు నుంచి గరిటె గుండిగకేసి కొట్టిన చప్పుడు! "పెళ్ళికూతురు" అన్నావిడ లేచి నిలబడి, "ఓలమ్మో, ఏం పిల్లండీ!" అని అరుస్తోంది. నేను అరిచానో ఏడ్చానో నాకు గుర్తులేదు, మర్నాటికి గొంతు పోయిందని మాత్రం గుర్తుంది.

రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం జోసెఫ్ మేష్టారి పిల్లకి వచ్చింది, న్యాయంగానే. ఆయన సత్యవేణి తల మీద చెయ్యివేసి, "వచ్చే ఏడు మా పిల్లకి కష్టమే" అన్నారు.

సోమయాజులు గారు మధ్యాహ్నం స్కూటరు మీద వచ్చారు. జరిగిందంతా దాచకుండా చెప్పాను, పడటంతో సహా. "నేను ముందే చెప్పలేదా" అంటారని ఎదురుచూశాను. ఆయన, "పిల్లలు తిన్నారా మేడం?" అని అడిగారు. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. ఆ శనివారం మాట ఒక్కసారీ ఎత్తలేదు. కింద పనిచేసేవాళ్ళు తమ తప్పు తెలుసుకున్నాక మళ్ళీ దాన్ని చూపించకుండా ఉండటం, నేను చూసిన అధికారుల్లో చాలా కొద్దిమందికే వచ్చు. మీకు ఎప్పుడైనా పెత్తనం వస్తే ఆయన్ని తలచుకోండి.

నెల తిరక్కుండా వీరాచారి గారి దగ్గరికి వెళ్ళి, పాత జీపు స్ప్రింగులతో కొత్త బల్ల చేయించాను. ఆ తర్వాత ఏ పోటీకి వెళ్ళినా ముందు రోజు పొద్దున్నే వెళ్ళి, పిల్లలకన్నా ముందు నేను పరికరాలన్నీ చేత్తో తడిమి చూసేదాన్ని. ఆ తడమడమే నాకు పూజ అయింది.

రేవు

ఆ ఆదివారం సాయంత్రం పొద్దుండగానే రేవుకి వచ్చాం. ఏడుకొండలు పడవ ఆపుకుని ఎదురుచూస్తున్నాడు. కూతుర్ని పైనుంచి కిందికి చూశాడు. మెళ్ళో పతకం కనిపించినా దాని జోలికి పోలేదు.

"అలాగే తెచ్చేరాండీ?" అన్నాడు.

"లేదు ఏడుకొండలు" అన్నాను. "పడింది. నా తప్పువల్ల పడింది. వీపు కమిలింది. డాక్టరు గారికి చూపించాను, భయం లేదన్నారు. కానీ నీకిచ్చిన మాట నేను నిలబెట్టుకోలేదు."

అతను కూతురి వీపు వైపు చూశాడు.

"లేచిందాండీ?"

"లేచింది. మళ్ళీ పరిగెత్తింది. ఎలా దూకాలో నాకే నేర్పింది."

"ఆయ్" అన్నాడు. "ఎక్కండి మరి."

పిల్లల్ని ఇళ్ళకి చేర్చాలని వాళ్ళతో కలిసి ఎక్కాను. అలవాటుగా నడిమధ్య కూర్చుని చెక్క పట్టుకున్నాను. అలవాటుగా కళ్ళు మూసుకుని గోవింద అన్నాను. ఒక నామం చెప్పి కళ్ళు తెరిచాను. చుట్టూ నీళ్ళే. భయం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. నామాలు కళ్ళు తెరిచే చెప్పుకున్నాను. స్వామికి బాగానే వినబడి ఉంటాయి.

అవతలి ఒడ్డు దగ్గరపడింది. సత్యవేణి తాడు చేతికి చుట్టుకుని పడవ ముందు అంచు దగ్గరికి వెళ్ళింది. మెళ్ళో పతకం అడ్డొస్తుందని వెనక్కి వేసుకుంది. ఒక చిన్న అల వచ్చి పడవని లేపింది. దాని పాదం అంచుకి అలా తగిలింది, అంతే. పడవ కదల్లేదు, ఊగలేదు. పిల్ల ఒడ్డున ఉంది, తాడు గుంజకి చుడుతోంది.

ఏళ్ళ తరబడి, రోజుకి రెండుసార్లు, ఆ అడుగు నా ముందే పడింది.